వాపింగ్ నడక: డెవిల్స్ టావెర్న్ దగ్గర ఏం చెబుదాం?

రూట్ టీమ్:
అందరికీ నమస్కారం. లండన్‌లో మన సంఘం థేమ్స్ ఒడ్డు నడకకి దారి ఖరారైంది. వాపింగ్ ఓవర్‌గ్రౌండ్ స్టేషన్ దగ్గర కలిసి, వాపింగ్ వాల్ అనే వీధి మీదుగా షాడ్వెల్‌లోని కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్ పార్కుకి వెళ్లి భోజనాలు. మధ్యలో ప్రాస్పెక్ట్ ఆఫ్ విట్‌బీ పబ్ బయట ఆగుతాం. పాతకాలంలో దాన్ని డెవిల్స్ టావెర్న్ అనేవాళ్లు. పిల్లలు దెయ్యం ఎక్కడని అడక్కుండా ఉండరు. అక్కడ ఎవరు మాట్లాడతారు?

చరిత్ర చెప్పే వాలంటీర్:
నేను చెబుతాను అన్నా. దెయ్యాల కథలు మాత్రం వద్దు, అసలు కథే బాగుంటుంది. అక్కడ 1520 ప్రాంతం నుంచి సత్రం ఉందంటారు. అప్పటి పేరు పెలికన్. పక్కన నదిలోకి దిగే మెట్లని ఇప్పటికీ పెలికన్ స్టెయిర్స్ అనే అంటారు. నావికులతో పాటు దొంగసరుకు దాటించేవాళ్లు, సముద్రపు దొంగలు కూడా చేరడంతో దానికి ఆ చెడ్డపేరు అంటుకుంది. అగ్నిప్రమాదం తర్వాత మళ్లీ కట్టి, ఉత్తర ఇంగ్లండ్‌లోని టైన్ నది నుంచి బొగ్గు తెచ్చి పక్కనే ఆగే ప్రాస్పెక్ట్ అనే ఓడ పేరు పెట్టారు.

నాకు ముఖ్యమనిపించేది ఆ దొంగతనాల వెనకున్న కారణం. అప్పట్లో సుంకం పడే సరుకు దించడానికి రేవులు చాలేవి కావు. ఓడలు నది మధ్యలో వారాల తరబడి నిలిచిపోయేవి, సరుకు పడవల్లో ఒడ్డుకి చేరేది. కూలీలకి పని ఉన్న రోజే డబ్బు. దాంతో చక్కెర, రమ్ము చేతులు మారిపోయేవి. వర్తకులు పోరు పెడితే 1798లో వాపింగ్‌లో నది పోలీసు మొదలైంది. 1805లో ఎత్తు గోడలతో లండన్ డాక్స్ అనే రేవుని తెరిచారు. పోలీసు స్టేషన్ ఇప్పటికీ ఉంది, నడక మొదట్లో కాస్త పడమటికి వెళ్లి చూపిద్దాం.

ఇంకో మాట తప్పకుండా చెబుతాను. 1611లో ఈస్టిండియా కంపెనీ ఓడ గ్లోబ్ ఇదే థేమ్స్ నుంచి బయలుదేరి నిజాంపట్నం, మచిలీపట్నం చేరింది. తర్వాత మన తీరపు అద్దకం బట్టలు ఈ నదిలోకే వచ్చాయి. ఇక్కడ పుట్టిన మన పిల్లలకి ఈ ఒడ్డు పరాయిది కాదని తెలియాలి.

పిల్లల గ్రూపు వాలంటీర్:
అక్కా, చాలా బాగుంది. కానీ పబ్ వెనక నది వైపు ఉరితాడు వేలాడుతుంటుంది, చిన్నపిల్లలకి ఏం చెబుదాం?

చరిత్ర చెప్పే వాలంటీర్:
ఉన్నది ఉన్నట్టే, నెమ్మదిగా చెబుదామమ్మా. ఈ వాపింగ్ ఒడ్డునే ఎగ్జిక్యూషన్ డాక్‌లో సముద్రపు దొంగల్ని ఉరితీసేవాళ్లు, కెప్టెన్ కిడ్‌ని 1701లో ఇక్కడే తీశారు, 1830 తర్వాత ఆగిపోయింది. నది నీళ్లు మూడుసార్లు పోటెక్కి మీదుగా పోయేదాకా శవాన్ని వదిలేసేవాళ్లన్నది పెద్దపిల్లల గ్రూపుకే. చిన్నవాళ్లని ముందువైపే ఉంచు.

రూట్ టీమ్:
సరే, రెండు గ్రూపులు చేద్దాం. పెద్దపిల్లలు మెట్లు దిగాలంటే ఆ రోజు పోటు ఎప్పుడో ముందే చూడాలి, మెట్లు నాచు పట్టి జారతాయి. నది ఒడ్డున ఏదైనా వెతకడానికి, ఏరడానికి పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ పర్మిట్ ఉండాలి, కాబట్టి పెంకు ముక్క కూడా తీయొద్దని తల్లిదండ్రులకి మెసేజ్ పెడుతున్నాను. మెట్ల దగ్గర నిలబడటానికి ఇద్దరు పెద్దవాళ్లు కావాలి, ఎవరొస్తారు?