517501 ప్రధాన సంఖ్య అని చేతిలెక్కతో నిరూపించడం ఎలా?

ప్రశ్న (డిగ్రీ విద్యార్థిని, తిరుపతి):
మా ఊరి పిన్‌కోడ్ 517501 ప్రధాన సంఖ్య అని కంప్యూటర్ చెబుతోంది. ఆ మాట నాకు చాలదు, కాగితం మీద నిరూపణ కావాలి. దీని వర్గమూలం 719 కంటే కొంచెం ఎక్కువ కనుక, 719 వరకు ఉన్న 128 ప్రధాన సంఖ్యలతోనూ భాగించి చూడాలి. ఇంతకంటే దగ్గరి దారి ఉందా?

జవాబు 1 (చిత్తూరు):
దాదాపు సగం పని తగ్గుతుంది. 517500 = 23 × 150² కనుక మీ సంఖ్య 23 × 150² + 1. దీన్ని భాగించగల ఏ ప్రధాన సంఖ్యనైనా 23తో భాగిస్తే 1, 2, 3, 4, 6, 8, 9, 12, 13, 16, 18లలో ఒకటే శేషంగా రావాలని, వర్గసంఖ్యలను ప్రధాన సంఖ్యలతో భాగిస్తే వచ్చే శేషాల గురించిన క్వాడ్రాటిక్ రెసిప్రాసిటీ నియమం చెబుతుంది. కనుక 5, 7, 11, 17, 19 వంటివాటిని చూడకుండానే వదిలేయవచ్చు.

జవాబు 2 (గణిత అధ్యాపకుడు, తిరుపతి):
పై సూచన సరైనదే గాని, నాకు గణితవేత్త ఆయిలర్ పద్ధతి మరింత ఇష్టం. పూర్ణవర్గం కాని ఒక బేసి సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క విధంగా రాయగలిగి, ఆ వర్గాల మూలాలకు ఉమ్మడి కారణాంకం లేకపోతే, ఆ సంఖ్య ప్రధాన సంఖ్యే అవుతుంది.

517501 = a² + b² అనుకోండి. 5తో భాగిస్తే శేషం 1 కనుక, a, b లలో ఒకటి 5 గుణిజం కాక తప్పదు. అది a అనుకుంటే, b²ను 25తో భాగించినప్పుడు శేషం 1 రావాలి, అంటే b విలువ 25 గుణిజానికి ఒకటి ఎక్కువో తక్కువో ఉండాలి. 8తో భాగిస్తే శేషం 5 కనుక b 4 గుణిజం కాకూడదు. 9తో భాగిస్తే శేషం 1 కనుక b 3 గుణిజమైనా కావాలి, 9 గుణిజానికి ఒకటి ఎక్కువో తక్కువో అయినా కావాలి. 719 లోపల ఈ షరతులన్నిటికీ నిలిచేవి 1, 26, 51, 99 మొదలుకొని 701 వరకు 24 సంఖ్యలే. వాటిలో 699 ఒక్కటే ఫలిస్తుంది:

517501 = 699² + 170²

699 = 3 × 233, 170 = 2 × 5 × 17 కనుక ఉమ్మడి కారణాంకం లేదు. నిరూపణ పూర్తయింది.

ప్రశ్న అడిగినవారు:
చాలా బాగుంది సార్. అయితే, సంయుక్త సంఖ్యకు ఒకే విధం ఎందుకు కుదరదు?

జవాబు 2 రాసినవారు:
ఉమ్మడి కారణాంకం లేని రెండు వర్గాల మొత్తమైన బేసి సంఖ్యకు ఉండే ప్రతి ప్రధాన కారణాంకమూ 4k + 1 రూపంలోనే ఉంటుంది, కనుక అదీ రెండు వర్గాల మొత్తమే. అలాంటి రెండింటిని గుణించినప్పుడు, క్రీ.శ. 628 నాటి బ్రహ్మస్ఫుటసిద్ధాంతంలో బ్రహ్మగుప్తుడు చెప్పిన సూత్రం ప్రకారం లబ్ధం రెండు విధాలుగా విడిపోతుంది: 5 × 13 = 65 = 1² + 8² = 4² + 7².

కొండమీది పిన్‌కోడ్ 517504ను కూడా పరీక్షించండి. అది 2⁷ × 13 × 311. ఇక్కడ 311 అనేది 4k + 3 రూపంలో ఉండి ఒక్కసారే వచ్చింది కనుక, తిరుమల సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా ఏ విధంగానూ రాయలేము.