అప్‌డేట్: ఇంటి ముందు నల్లబడిన ఇత్తడి రాయి – తళతళలాడింది

బెర్లిన్‌లో మా అద్దె ఇంటి గుమ్మం ముందు, ఫుట్‌పాత్‌లో పొదిగిన ఇత్తడి పలక నల్లబడి పేరు కనిపించట్లేదు, తోమొచ్చా అని పోయిన నెల అడిగింది నేనే. అది ష్టోల్పర్‌ష్టైన్ అని చెప్పినవాళ్లకు థాంక్స్. నాజీలు చంపిన యూదులు, ఇతరులు చివరగా తమ ఇష్టంతో ఉన్న ఇళ్ల ముందు గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1992 నుంచి వీటిని పెట్టిస్తున్నారు. ఇప్పటికి లక్ష దాటాయి.

పర్మిషన్ కోసం పడ్డ టెన్షన్ అనవసరం. ఎవరైనా తోమొచ్చు. మీలో కొందరిచ్చిన చింతపండు, ఉప్పు సలహా (మా అమ్మదీ అదే మాట!) నేను వాడలేదు. కింది ఫ్లోర్ పెద్దావిడ మెటల్ పాలిష్ క్రీమ్ ఇచ్చి, స్టీలు పీచు మాత్రం వద్దన్నారు, గీతలు పడతాయట. క్రీమ్ రాసి, కాసేపు ఆగి, మెత్తటి స్పాంజితో రుద్ది, నీళ్లు పోసి తుడిచాను. పది సెంటీమీటర్ల పలకే అయినా మోకాళ్లు నొప్పెట్టాయి.

అక్షరాల గుంటల్లో నలుపు పోలేదని ఇంకా రుద్దబోతే ఆవిడ ఆపారు. ఆ నలుపు ఉంటేనే చదవడానికి వస్తుందట. నిజమే. 'హియర్ వోన్‌టె', అంటే 'ఇక్కడ నివసించారు', కింద పేరు, పుట్టిన ఏడు, 1942, ఆష్‌విట్జ్ (నాజీల మరణ శిబిరం).

పక్కన మట్టి కింద ఇంకో పలక బయటపడింది. అదే ఇంటిపేరు, 1936లో పుట్టిన పాప. అదీ తోమేశాను. 1938లో నాజీలు యూదుల మీద దాడులు చేసిన రోజు గుర్తుగా నవంబర్ 9న చాలామంది వీటిని తోమి కొవ్వొత్తులు పెడతారట, క్రీమ్ డబ్బా దాచి ఉంచాను.