చూపు లేని విద్యార్థికి కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ మినహాయించాలా?

రసాయనం మాస్టారు:
మా డిగ్రీ కళాశాలలో ఈ ఏడాది బీఎస్సీ కెమిస్ట్రీలో చూపు లేని అమ్మాయి చేరింది. థియరీకి ఇబ్బంది లేదు, పేచీ అంతా ల్యాబ్ దగ్గరే. నా ఉద్దేశంలో ప్రాక్టికల్స్ మినహాయించి, ఆ మార్కులకు రాతపరీక్ష పెట్టాలి. బ్యాచ్‌కు ముప్పై మంది పిల్లలు, చుట్టూ ఆమ్లాలు. ఏదైనా జరిగితే ఎవరు జవాబు చెప్పాలి? పైగా టైట్రేషన్ అంటేనే ఆమ్లంలో క్షారాన్ని చుక్కచుక్కగా పోస్తూ, ద్రావణం గులాబీ రంగుకు తిరిగే క్షణాన్ని పట్టుకోవడం.

ఆరు చుక్కలు:
మాస్టారూ, నాకూ చూపు లేదు. మినహాయింపు వినడానికి దయలాగే ఉంటుంది. రేపు ఆ అమ్మాయి ఎమ్మెస్సీకి వెళితే, ‘ప్రాక్టికల్స్ చేయలేదు కదా’ అని అక్కడ కొర్రీ వేస్తారు. చూపు లేని పారిశ్రామికవేత్త శ్రీకాంత్ బొల్లా పది పాసయ్యాక ఇంటర్‌లో సైన్సు చదవడానికే కోర్టు మెట్లెక్కారు. ఆ తరువాత 98 శాతం మార్కులు తెచ్చుకుని అమెరికాలో ఎంఐటీకి వెళ్లారు.

ఇక ఆమ్లాల భయం. టైట్రేషన్‌కు వాడేది బాగా పలచని ద్రావణమే కదా! చూపున్న పిల్లలు చొక్కాలకు చిల్లులు పెట్టుకోవడం మీరు చూడనిదా?

రంగు సంగతికొస్తే, ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోనే దారి ఉంది. సన్నగా తరిగిన ఉల్లిపాయతో గుడ్డముక్కలను సంచిలో కట్టి రాత్రంతా ఉంచుతారు. క్షారం చుక్కలు పడిన ముక్కకు ఉల్లి వాసన పోతుంది, ఆమ్లం పడినదానికి పోదు.

గాజు గొట్టం:
బడి పిల్లలకు ఉల్లిపాయ చాలు. డిగ్రీలో బ్యూరెట్ (ద్రావణాన్ని కొలిచి పోసే గీతల గొట్టం) రీడింగ్ 0.1 మి.లీ. వరకు కావాలి. దానికి ముక్కు పనికిరాదు.

ఆరు చుక్కలు:
ఒప్పుకుంటాను. అందుకే కండక్టివిటీ మీటరు, అంటే ద్రావణంలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో (వాహకత) కొలిచేది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో సోడియం హైడ్రాక్సైడ్ పడేకొద్దీ, వేగంగా కదిలే హైడ్రోజన్ అయాన్ల చోటికి నెమ్మదైన సోడియం అయాన్లు వస్తాయి కాబట్టి వాహకత తగ్గుతుంది. ఆమ్లం అయిపోయాక మళ్లీ పెరుగుతుంది. గ్రాఫులో ఆ మలుపే ముగింపు బిందువు. అట్ట మీద గుండుసూదులు గుచ్చి దారం కడితే వేళ్లకు తెలుస్తుంది. ఈ ప్రయోగం చాలా సిలబస్‌లలో ఉన్నదే, రంగుతో పనే లేదు. కొలిచి పోయడానికి బ్యూరెట్ బదులు గాట్లు పెట్టిన సిరంజి. అమెరికాలో కేరీ సుపాలో అనే చూపు లేని రసాయన శాస్త్రవేత్త రీడింగులు పైకి చదివే పరికరాలే తయారు చేయించారు.

ల్యాబ్ అటెండరు:
సీసాలకు రబ్బరు బ్యాండ్లు వేస్తే సరి. ఆమ్లానికి ఒకటి, క్షారానికి రెండు. కాకపోతే వాడినవాళ్లు సీసాను మళ్లీ అదే చోట పెట్టాలి. మా దగ్గర ఎవరూ పెట్టరు!

రసాయనం మాస్టారు:
ఇవన్నీ అమర్చడానికి మనిషెక్కడ? డబ్బెక్కడ?

గాజు గొట్టం:
ఆ ప్రశ్న యాజమాన్యాన్ని అడగాలి మాస్టారూ, ఆ అమ్మాయిని కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయించమంది. విద్యార్థి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాట్లు చేయమనీ అంది. మనవాళ్లు సీటిచ్చి చేతులు దులుపుకుంటున్నారు.

నా అనుమానం వేరే. ఆ అమ్మాయి చెబుతుంటే సహాయకుడు ద్రావణాలు పోస్తే మార్కులు ఎవరివి?

ఆరు చుక్కలు:
ఏది, ఎంత, ఎప్పుడు పోయాలో చెప్పిన మనిషివే ఆ మార్కులు. తప్పు చెబితే సహాయకుడు తప్పుగానే పోయాలి.

రసాయనం మాస్టారు:
అలాగైతే సహాయకుడు కెమిస్ట్రీ చదివినవాడు కాకూడదు. వైవా జరిగేటప్పుడు గదిలో ఉండకూడదు. ఈ రెండూ రాతపూర్వకంగా ఇస్తేనే నేను మార్కులు వేస్తాను.