పూతరేకు అంత పల్చగా ఎలా వస్తుంది?

తణుకు నుంచి ఫ్రెండ్ పూతరేకులు తెచ్చింది, నోట్లో పెట్టగానే కరిగిపోయాయి. నాకైతే కాగితం తింటున్నట్టే ఉంది, అసలు ఆ రేకు దేంతో చేస్తారు, మైదానా?

గోదారమ్మాయి:
మైదా కాదు రా, బియ్యప్పిండే. మాది ఆత్రేయపురం పక్కనే. బియ్యం నానబెట్టి మెత్తగా రుబ్బి పాలలాగా పల్చగా చేస్తారు, కుండ బోర్లించి కింద కొబ్బరాకుల మంట పెడతారు, పల్చటి గుడ్డని ఆ పిండిలో ముంచి కుండ మీద ఒక్కసారి అలా లాగితే చాలు, క్షణంలో ఆరిపోయి రేకు లేచొస్తుంది. మంట ఎక్కువైతే మాడిపోద్ది, తక్కువైతే అంటుకుపోద్ది. మా అత్త చెయ్యి చూస్తే ముచ్చటేస్తుంది, నేనెన్నిసార్లు ట్రై చేసినా చిరిగిపోయింది.

వరంగల్ బిడ్డ:
మరి పెళుసుగుంటది కదా, ఎట్ల చుడ్తరు?

గోదారమ్మాయి:
తడిగుడ్డతో కొంచెం అద్దుతారండి, మెత్తబడుద్ది. అప్పుడు నెయ్యి రాసి బెల్లం పొడో పంచదారో వేసి మడతపెడతారు. నా ఓటు బెల్లానికే.

కాకినాడ:
2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చే అధికారిక గుర్తింపు) కూడా వచ్చింది, చాలా సంతోషమేసింది. ఆ పొగలో గంటలు గంటలు కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్ళే, కొనేటప్పుడు బేరమాడకండి.