తప్పు ప్రభుత్వానిదైతే శిక్ష గణిత సంఘానికా?

మీనాక్షి:
అంతర్జాతీయ గణిత సమాఖ్యలో సభ్యత్వం వ్యక్తులకు కాదు, దేశాలకు. దేశం తరఫున అక్కడి అకాడమీయో గణిత సంఘమో ఉంటుంది. 2022లో రష్యా ఉక్రెయిన్‌పై దండెత్తిన రెండు రోజులకే సమాఖ్య రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జరగాల్సిన అంతర్జాతీయ గణితజ్ఞుల మహాసభను అక్కడ రద్దు చేసి ఆన్‌లైన్‌కు మార్చింది. రష్యా సభ్యత్వం జోలికి మాత్రం పోలేదు. అంతవరకే ఆగడం సరైనదని నా అభిప్రాయం. మీరేమంటారు?

శరత్:
అది చాలదు మీనాక్షి గారూ. యూరప్ బాలికల గణిత ఒలింపియాడ్‌లో పతకం గెలిచిన ఉక్రెయిన్ యువతి యులియా జ్దనొవ్స్కా 21 ఏళ్లకే ఖార్కివ్‌లో రష్యా క్షిపణికి బలైంది. ఆమెను చంపిన దేశం పేరుతో ఒక ప్రతినిధి సమాఖ్య సమావేశానికి వచ్చి ఓటు వేస్తుంటే పక్కన ఉక్రెయిన్ ప్రతినిధి ఎలా కూర్చోవాలి? దేశం పేరు చెప్పి సభ్యత్వం తీసుకున్నప్పుడు దేశం చేసిన పనికీ జవాబు చెప్పాలి.

మీనాక్షి:
మీ బాధ అర్థమైంది. కానీ వెలివేతను ఒకసారి చేసి చూశారు. 1920లో స్ట్రాస్‌బర్గ్‌లో సమాఖ్య పుట్టినప్పుడే జర్మనీకి, మొదటి ప్రపంచ యుద్ధంలో దాని మిత్రులకు తలుపులు మూశారు. 1924 టొరంటో మహాసభకూ జర్మన్లను రానివ్వలేదు. ఆంక్షలు ఎత్తేయాలని అక్కడ తీర్మానం పెట్టింది జర్మనీతో యుద్ధం చేసిన అమెరికా ప్రతినిధులే! 1928లో ఇటలీలోని బొలోన్యాలో జరిగిన మహాసభకు, అప్పటి సమాఖ్య అధ్యక్షుడు పింకెర్లే అక్కడి విశ్వవిద్యాలయం పేరుమీద జర్మన్లను పిలిచారు. ప్రసిద్ధ జర్మన్ గణితజ్ఞుడు హిల్బర్ట్ తన బృందంతో వచ్చారు. అప్పటికే సమాఖ్య మాటకు విలువ పోయింది, 1932 నాటికి అదే లేకుండా పోయింది. మళ్లీ ఏర్పడడానికి 1951 దాకా పట్టింది.

వేణుమాధవ్:
ఆతిథ్యం వేరు, సభ్యత్వం వేరు. 2010లో హైదరాబాద్ మహాసభలో, గణితంలో అత్యున్నత గౌరవంగా భావించే ఫీల్డ్స్ పతకాలను రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ స్వయంగా అందించారు. మనందరికీ గర్వంగా అనిపించింది. అలాంటి వేదిక ఏ ప్రభుత్వానికైనా గౌరవమే, అందుకే యుద్ధానికి దిగిన ప్రభుత్వానికి దాన్ని దక్కనివ్వకూడదు. సభ్యత్వం గణితజ్ఞులది. ఆన్‌లైన్ మహాసభకు రష్యా ప్రభుత్వ ప్రతినిధులను దూరంగా ఉంచి, అక్కడి గణితజ్ఞులను రానిచ్చారు. నాకు అది న్యాయంగా తోచింది.

శరత్:
అకాడమీని నడిపేది ప్రభుత్వ సొమ్మే కదా వేణుమాధవ్ గారూ, ఆ గీత అంత తేలిగ్గా గీయగలమా? 1920ల పొరపాటు యుద్ధం ముగిశాక కూడా పగ సాగించడం. నేను అడిగేది యుద్ధం నడిచినన్నాళ్లు ఓటు ఆపమని. గణితజ్ఞులు రావచ్చు, ఉపన్యాసాలు ఇవ్వవచ్చు.

మీనాక్షి:
యుద్ధం ముగిశాక సాగిన పగ అన్నది నిజమే, దాన్ని ఒప్పుకుంటాను. అయితే ఓటు ఆపే నియమం ముందే రాసి ఉండాలి, అన్ని దేశాలకూ ఒకేలా వర్తించాలి. 2003లో ఇరాక్‌పై దాడి చేసిన అమెరికా, బ్రిటన్ల ఓటును సమాఖ్య ఆపలేదు. మీ నియమం అప్పుడే ఉండి ఉంటే, వాటి ఓటు కూడా ఆపమనేవారా?