టాపెట్లు పెట్టినంక నాలుగో సిలిండర్ మీద టక్ టక్

అన్నలూ, కరీంనగర్ దిక్కు గ్రానైట్ తోలే ఆరు సిలిండర్ల డీజిల్ లారీ. ఆయిల్, ఫిల్టర్ మార్చి, చల్లటి ఇంజన్ మీద టాపెట్లు (వాల్వుకు, దాన్ని నొక్కే రాకర్‌కు నడుమ సందు) పెట్టిన: ఇన్‌లెట్ 0.30, ఎగ్జాస్ట్ 0.45 మిల్లీమీటర్లు, మాన్యువల్‌లో ఉన్నట్టే. ఇప్పుడు వేడెక్కితే ఐడ్లింగ్‌లో నాలుగో సిలిండర్ మీద టక్ టక్. క్రాంకు రెండు చుట్లకు ఒక్క దెబ్బ, అంటే వాల్వుల దిక్కన్నా, ఇంజెక్టర్ దిక్కన్నా. ఆ సిలిండర్‌కు డీజిల్ ఆగేటట్టు ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసినా చప్పుడు మారలే, అందుకే వాల్వుల దిక్కే అనుకుంటున్న. వేడి మీద ఆయిల్ ప్రెషర్ 1.5 బార్, బాగానే ఉంది. పుష్‌రాడ్లు (కింద క్యామ్ నుంచి పైన రాకర్‌ను నెట్టే కడ్డీలు) అద్దం మీద దొర్లించిన, వంకర లేదు. సందు కొలిచే రేకు గేజ్ మళ్లీ పెట్టినా అదే కొలత. కానీ రాకర్ మొన గుంత పడితే గేజ్ గుంత అంచుల మీదనే ఆగుతుంది, అసలు సందు ఎక్కువుంటది. ఇది రాకర్ అరుగుడా, కింద క్యామ్ అరుగుడా, హెడ్ దించకుండా తేల్చేదెట్ల?