అప్‌డేట్: సెసిల్ టేలర్ ఎల్పీలో కీచు శబ్దం, సంగతి తేలింది

జాజ్ పియానిస్ట్ సెసిల్ టేలర్ ఎల్పీ రికార్డు 'యూనిట్ స్ట్రక్చర్స్' (1966, బ్లూ నోట్ కంపెనీ) వింటుంటే మధ్యమధ్యలో పైస్థాయిలో ఏదో గీరినట్టు వస్తోంది, రికార్డు ప్లేయర్ సూది అరిగిందా అని అడిగా కదా, జవాబిచ్చిన అందరికీ థాంక్స్. సూది, కేబుళ్లు, దుమ్ము ఇవేవీ కావు, రిపేరాయన లెన్స్ పెట్టి చూసి సూది బాగానే ఉందన్నారు. అదే చోటు సీడీలో హెడ్‌ఫోన్స్‌తో వినమన్న సలహాతోనే తేలింది, అక్కడా అదే శబ్దం! ఈ ఆల్బంలో డబుల్ బాస్ (వయొలిన్ లాంటిదే, మనిషంత పెద్ద తీగల వాయిద్యం) వాయించేవాళ్లు ఇద్దరు, హెన్రీ గ్రైమ్స్, ఆలన్ సిల్వా, ఆ కీచు బాస్ తీగల మీద కమాను లాగుతుంటే వచ్చేది, పియానో అంత జోరుగా ఉరుకుతున్నా దాని పైన సన్నగా తేలుతుంది, ఇప్పుడు ఆల్బం మొత్తంలో నాకు ప్రాణం అదే. ఇంకోటి, సీడీలో 'ఎంటర్ ఈవినింగ్' అనే ట్రాక్ రెండుసార్లు కనబడితే కంగారు పడకండి, ఒకటి ఆల్టర్నేట్ టేక్ (అదే ట్రాక్ ఇంకోసారి వాయించి రికార్డు చేసింది), పాత ఎల్పీలో లేదు.